మాది కొరంగండి

మా మామ్మకి కోపమొస్తే ఇంట్లో ఎవరినైనా సరే "కొరంగీ మొహమా" అని తిట్టేది. మా నాన్నని కూడా. అది బర్మా తిట్టని మాకందరికీ తెలుసు. మామ్మ రంగూన్‌లో పుట్టి, యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు పన్నెండేళ్ల వయసులో కొండలూ అడవులూ దాటి నడిచొచ్చిన మనిషి. అక్కడివాళ్లు తెలుగువాళ్లని ఆ మాటతోనే పిలిచి ఏడిపించేవారట. ఆ నడకలో, నీళ్ల దగ్గర తోపులాటలో, ఆమె చెయ్యి విడిపోయి చెల్లెలు తప్పిపోయింది. ఐదేళ్ల పిల్ల. "దారిలోనే పోయింది" అనేది మామ్మ, పొయ్యి మీద పాలు చూడమన్నంత మామూలుగా. అంతకు మించి మేమెవరం అడిగేవాళ్లం కాదు.

తొంభైల చివర్లో నేను కొవ్వూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. నాకు చారిత్రక నవలల పిచ్చి. రాజులు, కోటలు, గుర్రాలు ఉంటే చాలు, అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు. కొత్త పుస్తకాలు వచ్చాయంటే లైబ్రేరియన్ గారు ముందు నాకే చూపించేవారు. ఒకసారి అట్ట మీద ఓడ బొమ్మున్న నవల చేతిలో పెట్టి, "ఇందులో రాజులుండరండి, అందరూ కూలీలే. మీకు నచ్చుద్దో లేదో" అన్నారు. బర్మా వెళ్లిన తెలుగువాళ్ల కథ. కొత్తగా అచ్చయింది, కొన్ని కాగితాలు ఇంకా అంటుకునే ఉన్నాయి. మామ్మకి చదివి వినిపిస్తే కాలక్షేపం అవుతుంది కదా అనుకున్నాను. నా బుద్ధి తగలెయ్య, అంతకు మించి ఆలోచించలేదు.

మామ్మకి కళ్లలో శుక్లాలు. సాయంత్రం స్కూలు నుంచి రాగానే అరుగు మీద కూర్చుని చదివేదాన్ని. రచయితని ఆవిడ ఒక్క పేజీ కూడా సుఖంగా ఉండనివ్వలేదు. హీరో హీరోయిన్లు కొండదారిలో వెన్నెట్లో కబుర్లు చెప్పుకుంటుంటే, "వాడి మొహం! కాళ్లకి జలగలు పట్టుకు వేళ్లాడుతుంటే వెన్నెలేంటే వెన్నెల?" అంది. నీళ్ల కోసం జనం కొట్టుకునే చోట మాత్రం వంక పెట్టలేదు. "ఇది చూసినోళ్లెవరో చెప్పుంటారు" అంది.

నవల అయిపోయింది. హీరో ఊరు చేరాడు, పెళ్లయింది. అక్కడితో మూసేసి ఉంటే బావుండేది. కానీ చివర్లో నాలుగు పేజీలు, తను ఏ రికార్డులు చూశాడో, ఎవరెవరితో మాట్లాడాడో రచయిత రాసుకున్నాడు. కథ కన్నా నాకు ఆ నాలుగు పేజీలే ఎక్కువ నచ్చాయి. హుషారుగా పైకి చదివాను. వెనకటికి కోరంగి రేవు నుంచి ఓడలు వెళ్లేవి కాబట్టి, ఏ జిల్లా నుంచి వెళ్లిన తెలుగువాడికైనా బర్మాలో కొరంగీ అనే పేరు పడిపోయిందట.

"మళ్లీ చదువు" అంది మామ్మ.

మళ్లీ చదివాను.

"అయితే అది తిట్టు కాదా? ఊరా?"

"ఊరే మామ్మా. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉంది. ఇప్పటికీ ఉంది."

మామ్మ నా మోకాలు గట్టిగా పట్టుకుంది. "ఆ పిల్లని ఎవరన్నా చేరదీసి ఈ దేశం తెచ్చారనుకో. మీదే ఊరమ్మా అనడుగుతారు కదా. అదేం చెప్తుందే? కొరంగీ అనే చెప్తుంది. దానికి అదొక్కటే వచ్చు. అప్పుడు వాళ్లేం చేస్తారు? తిన్నగా ఆ ఊరే తీసుకెళ్తారు కదే!"

ఈ సంగతి విని నాన్న కోప్పడ్డారు. "పుస్తకాలు చదివి నువ్వు చెడింది చాలక ఆవిణ్ణి కూడా చెడగొడుతున్నావా?" అన్నారు. నిజం చెప్పాలంటే మామ్మ కన్నా నాకే ఆశ ఎక్కువ. చరిత్రంటే ఎక్కడో రాజులకి జరిగేదనుకున్నదాన్ని, అది మా అరుగు మీదకే వస్తే ఎలా ఊరుకుంటాను? ఆదివారం పొద్దున్నే ఆవిణ్ణి బస్సెక్కించాను.

రాజమండ్రిలో ఒక బస్సు, కాకినాడలో ఒక బస్సు మారాం. యానాం బస్సులో, అక్కడ చవగ్గా దొరికే మందు కోసం అప్పుడే బయల్దేరిన మగవాళ్లు లేచి మామ్మకి సీటిచ్చారు. దారంతా ఆవిడ ఒకటే గొడవ. దానికిప్పుడు అరవై దాటుంటాయి, మనవలు కూడా ఉండుంటారు, నన్ను గుర్తుపట్టదు. "నేను అక్కనని ముందే చెప్పెయ్యకేం. గుండాగిపోద్ది దానికి" అని నాకు జాగ్రత్తలు చెప్పింది.

కోరంగిలో దిగి, ఊళ్లో పాతకాలం మనిషెవరని టీ కొట్టులో అడిగితే ఒక పెద్దాయన ఇల్లు చూపించారు. ఆయన మమ్మల్ని నులకమంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. మామ్మ గ్లాసు ముట్టుకోలేదు.

"యుద్ధమప్పుడు బర్మా నుంచి ఒక పిల్లని ఇక్కడికి తెచ్చుంటారండి. ఐదేళ్ల పిల్ల. మాది కొరంగండి అని చెప్పుంటది" అంది.

ఆయన మామ్మ వంక జాలిగా చూశారు. "ఏ పిల్లమ్మా? ఒకళ్లా ఇద్దరా? బర్మా నుంచి నడిచొచ్చినోళ్ల శిబిరాల్లోంచి తెచ్చిన పిల్లలందరూ అదే మాటండి. ఊరేంటంటే కొరంగి. అమ్మ పేరేంటంటే అమ్మ. మా పెద్దోళ్లు ఒక్కొక్కళ్ల మొహం పట్టి పట్టి చూశారు. మావోళ్లు ఎవరూ కాదు. తెచ్చినోళ్లే మళ్లీ బండెక్కించి తీసుకుపోయారండి."

"ఎక్కడికి?"

"ఏమోనండి. నాకప్పుడు ఇరవయ్యేళ్లు. ఏడుస్తుంటే మా అమ్మ తలో ముద్దా పెట్టింది. అంతే గుర్తు."

"ఎడం చెవి కింద పుట్టుమచ్చ ఉన్న పిల్లండి."

"చూడలేదమ్మా" అన్నారాయన. "చూడాలని అప్పుడు తెలీదు కదండీ."

బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. నాకు ఏడుపు ఆగట్లేదు. ఏదో ఒకటి అనాలని, "దారిలో పోలేదేమో మామ్మా. ఇంతదాకా వచ్చిందేమో" అన్నాను. అంతకన్నా బుద్ధి తక్కువ మాట ఈ జన్మలో ఇంకోటి అనలేదు.

మామ్మ నా వైపు చూడలేదు.

"నడక మొదలెట్టే ముందు మా నాన్న నాకే అప్పజెప్పాడే, మన సొంతూరి పేరు రోజూ దానిచేత చెప్పించమని. దానికి నోరు తిరిగేది కాదు. నాలుగు రోజులు చెప్పించాను. విసుగొచ్చింది. ఎవరన్నా అడిగితే కొరంగీ అను, చాల్లే అన్నాను" అంది. "దారిలో పోయిందనుకున్నన్నాళ్లూ అది దేవుడు చేసిన పనే అనుకున్నానే."