పంజగుట్టకు వచ్చిన ఫోన్

బుచ్చిబాబు చివరగా చేసిన పని, హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులోని తన జిరాక్స్ కొట్టులో ఒక అమ్మాయి తెచ్చిన జావా నోట్సుకి స్పైరల్ వేయడం. పేజీలు తిరగేసి, "పదహారోది తలకిందులుగా పడిందమ్మా, ఉండు, మళ్ళీ తీసిస్తా" అన్నాడు. తీసిచ్చాక ఎదురు హోటల్ కాశిఫ్‌ని కేకేసి చాయ్ చెప్పాడు.

"గ్లాసు పట్టుకొని ఉరికొచ్చిన సార్, గప్పటికే స్టూలు మీదికెల్లి ఒరిగిండు" అని కాశిఫ్ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. బుచ్చిబాబుకి ముప్ఫై ఒక్కేళ్ళు.

శ్రీనగర్ కాలనీలో ఉన్న రఘురామ్‌కి ఆ చావు కబురు ఊరు చుట్టి చేరింది. అత్తిలి దగ్గర పల్లె నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"గోడవతల ఏడుపులు వినలేకపోతున్నాన్రా. నువ్వక్కడే ఉన్నావుగా, వెళ్ళావా?"

కూతవేటు దూరంలో ఉండీ కొడుకు ఏడేళ్ళుగా ఆ సందులో అడుగు పెట్టలేదని ఆమెకి తెలియదు.

ఊళ్ళో ఆ రెండిళ్ళకీ మధ్య ఒకటే మట్టిగోడ. రఘురామ్ వాళ్ళ గేదె ఈనితే జున్ను గిన్నె ముందు గోడ మీంచి అవతలికి వెళ్ళేది. రఘురామ్ నాన్నకి నడుం పడిపోయిన ఏడు, బుచ్చిబాబు సొంత చేను వదిలి ముందు వీళ్ళ చేలో ఊడ్పులు కానిచ్చాడు. కంప్యూటర్ కోర్సుకని ఇద్దరూ కలిసే బయల్దేరి అమీర్‌పేటలో ఒకే గదిలో దిగారు.

రఘురామ్‌కి ముందుగా పంజగుట్టలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. రెండువేల సంవత్సరం వేసవిలో బుచ్చిబాబు ఒక పెద్ద బెంగళూరు కంపెనీ ఇంటర్వ్యూ గట్టెక్కాడు. అయితే రెండేళ్ళ అనుభవం ఉండాలన్నారు. అమీర్‌పేటలో అందరూ చేసేదే అతనూ చేశాడు. రఘురామ్ ఆఫీసులో పనిచేసినట్టు రాసి, పై అధికారిగా రఘురామ్ పేరు, నంబరు ఇచ్చాడు. వాళ్ళు ఫోన్ చేసినప్పుడు అవునంటే చాలు.

గదిలో వారం రోజులు అదే రిహార్సల్.

"హలో, బుచ్చిబాబు మీ దగ్గర పనిచేశాడాండీ?"

"చేశాడండీ. ఒట్టి తిండిపోతు."

"ఒరేయ్, నా పొట్ట కొట్టకురా బాబూ!"

"ముందు నువ్వు నన్ను సార్ అనడం నేర్చుకో."

"అలాగే సార్. ఈ పూట గిన్నెలు తమరివే, తోమండి సార్."

ఆ ఆదివారం అమ్మ ఫోన్లో, "వాడికి బెంగళూరటగా! నీదేంట్రా, ఇంకా ఆ మేడమీద గది ఆఫీసేనా?" అంది. మాట వరసకే అంది. అది రఘురామ్‌కి ముల్లులా దిగింది.

మంగళవారం మధ్యాహ్నం బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. ఎదురుగా టీం లీడర్ ఉన్నాడు, భయపడ్డాను అని రఘురామ్ తర్వాత చాలా ఏళ్ళు తనకు తాను చెప్పుకున్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. అందరూ భోజనానికి కిందికి దిగారు. అవతల ఎవరో ఆవిడ మర్యాదగా అడిగింది. ఆ పేరుగలవాళ్ళెవరూ ఇక్కడ పనిచేయలేదని చెప్పాడు. ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా.

సాయంత్రం బుచ్చిబాబు, "ఫోన్ వచ్చిందా?" అన్నాడు.

"రాలేదురా."

నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. మీరు పేర్కొన్న అధికారి మిమ్మల్ని ఎరగనన్నారని అందులో ఉంది. బుచ్చిబాబు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. రఘురామ్ తలెత్తలేదు.

"అన్నం వండాను, తిను" అన్నాడు బుచ్చిబాబు.

మర్నాడు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. తర్వాత జిరాక్స్ కొట్టు పెట్టుకున్నాడని తెలిసింది. ఎదురుపడితే మళ్ళీ ఎక్కడ అన్నం తిన్నావా అంటాడోనని రఘురామ్ ఆ దారే మానేశాడు.

బుచ్చిబాబు పోయిన పదకొండో రోజున రఘురామ్ ఎర్రగడ్డలో వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. గుమ్మంలోంచే వెళ్ళగొడతారనుకున్నాడు. బుచ్చిబాబు భార్య రత్నమాల అతని పేరు వినగానే కుర్చీ తెచ్చి వేసింది. పక్కనున్న తన అన్నతో చెప్పింది.

"అన్నయ్యా, రఘురామ్ గారంటే ఈయనే. ఆ బెంగళూరు ఉద్యోగానికి ఫోన్లో మా ఆయన గురించి ఎంతో గట్టిగా చెప్పారట. ఇంగ్లీషు రాక తనే చెడగొట్టుకున్నానని అనేవారు."