‘ఏంటి?’ అన్నందుకు టీసీ

తొంభైల మొదట్లో నేను తెనాలిలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టార్ని. వినికిడి, చూపు, నడక, చదువు, వీటిలో ఏదో ఒకదానితో ఇబ్బంది పడే పిల్లల గురించి టీచర్లకు శిక్షణ ఇస్తున్నాం, మీ స్కూలు నుంచి ఒకర్ని పంపండి అని పై ఆఫీసు అడిగింది. ఆ వేళ స్టాఫు రూములో నిద్రపోతున్నది నేనొక్కణ్ణే కాబట్టి నన్ను పంపారు. తిరిగొచ్చేసరికి మా చుట్టుపక్కల నన్ను మించిన నిపుణుడు లేడు. వేరే నిపుణుడంటూ అసలు లేకపోవడం కూడా అందుకు కొంత తోడ్పడింది.

నా హోదాకు రిసోర్స్ పర్సన్ అని పేరు పెట్టారు. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు బళ్లలో ఇలాంటి పిల్లల విషయంగా తల్లిదండ్రులకూ టీచర్లకూ పేచీ వస్తే వెళ్లి సర్దిచెప్పాలి. సర్దిచెప్పడమంటే, వాళ్లు ఒకరినొకరు అనుమానించుకోవడం ఆపి ఇద్దరూ కలిసి నన్ను అనుమానించేలా చేయడం. ఈ పనిలో నాకు తొందరగానే చేయి తిరిగింది.

రేపల్లెలో చర్చి పక్కన ఒక చిన్న బడి ఉండేది. గోడలకు సున్నం, పిల్లల తలలకు నూనె, టీచర్ల చీరలకు గంజి, ఏదీ ఏ రోజూ తప్పేది కాదు. అక్కడ ఎవరూ గొంతు పెంచరు. పెద్ద టీచరుగారైతే పిల్లల్ని తిట్టినా ప్రార్థన చేస్తున్నట్టే ఉండేది. నాకు టీ తెప్పించి, తలుపు దగ్గరికి వేసి, ఆవిడ మెల్లిగా చెప్పారు.

“నాలుగో తరగతిలో ఒక పిల్లకి టీసీ ఇచ్చేద్దామనుకుంటున్నామండి.”

“ఏం చేసిందండి?”

“‘ఏంటి?’ అందండి.”

మిగతాది చెబుతారని ఎదురుచూశాను. మిగతాది లేదు.

“రోజూ అదేనండి,” అన్నారు ఆవిడే మళ్లీ. “హోంవర్కు ఏదమ్మా అంటాను. ‘ఏంటి?’ అంటుంది. కనీసం ‘ఏంటండి’ కూడా కాదు. మళ్లీ అడిగితే ‘లేద’ అంటుంది. లేదండి అనాలమ్మా అని మేం నేర్పడం, అది చివర మింగేసి ‘లేద’ అనడం. పడవలవాళ్ల పిల్ల. ఇంట్లో తల్లే నేర్పి పంపిస్తుందని మా అనుమానం.”

“వినపడదేమోనండి.”

“అదే మీరు తేల్చాలి. వినపడకపోతే బాపట్లలో చెవిటి పిల్లల బడి ఉందిగా, హాస్టలు కూడా ఉంది, అక్కడికి పంపిద్దాం. వినపడుతుంటే అది పొగరు. టీసీ ఇచ్చేస్తాం.”

ఎటు తేల్చినా ఆ పిల్ల ఈ బడి బయటే ఉంటుందని ఆవిడ గమనించినట్టు లేదు. గమనించే ఉంటారని నా అనుమానం.

పిల్లను తరగతిలో చూశాను. వెనక బెంచీలో కూర్చుని, టీచరు ముఖం కనబడినంతసేపూ టీచర్ని, టీచరు బోర్డు వైపు తిరగగానే పక్కపిల్ల పలకనీ చూస్తోంది. కాపీ కొడుతోందని ఆ టీచరు అనుమానం. ఆ ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషి ఆ పిల్లేనని తెలిసింది. తల్లి పొద్దున్నే కృష్ణ ఒడ్డునున్న పెనుమూడి నుంచి చేపల గంపతోపాటు పిల్లనీ తెచ్చి బళ్లో దించి, సాయంత్రం ఖాళీ గంపతో, పిల్లతో తిరిగి వెళ్లేది.

ఆదివారం ప్రార్థన అయ్యాక పెనుమూడి వెళదామనుకున్నాను. నేనొక్కణ్ణే వెళ్లొస్తానంటే పెద్ద టీచరుగారు ఒప్పుకోలేదు. తల్లి నన్ను మాటల్లో పెట్టి మార్చేస్తుందని ఆవిడ భయం. బస్సు దిగి కృష్ణ గట్టెక్కి అవతల దిగితే వాళ్ల ఇల్లు. గుమ్మంలో తల్లి చేపలు తోముతోంది. తల ఎత్తి నన్ను, నా గొడుగును, నా సంచీని వరసగా చూసింది.

“కొలతలకొచ్చారా?”

“కాదమ్మా. నేను రిసోర్సు పర్సన్ని.”

“అదే అంటున్నా. రీసర్వే. టేపు సంచీలో ఉందా?”

ఏటి ఒడ్డున పట్టా లేని నేలమీద ఇల్లు కట్టుకున్న మనిషికి రిసోర్సు అనే మాట రీసర్వేలా వినబడితే ఆశ్చర్యపోవాల్సింది లేదు. పెద్ద టీచరుగారు ముందుకొచ్చి, ఈయన భూమి కోసం కాదమ్మా, మీ అమ్మాయి కోసం వచ్చారని చెప్పారు.

“పిల్లని కూడా కొలుస్తారా?”

నేను వచ్చింది సరిగ్గా అందుకే.

సంగతి విన్నాక తల్లి చేపను పక్కన పడేసి లేచింది. “మా పిల్లకి చెవుడా? ఎవరన్నారండీ? మా ఇంట్లో ఒక్క కేక వేస్తే వచ్చి నిలబడద్ది. మీ బళ్లో అడుగుపెట్టగానే చెవులు పోతాయా? చేపల వాసనొస్తందని గెంటేద్దామనుకుంటే ఆ మాటే చెప్పండి!”

అప్పుడే ఏటి మధ్యలో ఉన్న పడవలోంచి ఒక కేక వచ్చింది. తండ్రి. రేవు దాటించే పడవ మీద పనిచేసే మనిషి. అవతలి గట్టున ఉన్నవాళ్లను ఇవతలి నుంచే పిలిచి ఎక్కించుకునే గొంతు. “క్యారేజీ తేవే!” అన్నాడు, గాల్లోకి చెయ్యెత్తి ఊపుతూ. ఇంటి వెనకున్న పిల్ల అది విని క్యారేజీ అందుకుని రేవులోకి పరిగెత్తింది.

“చూశారా మేష్టారూ?” అన్నారు పెద్ద టీచరుగారు. ఆవిడ గొంతులో విజయం కూడా మెల్లిగానే ఉంది. “ఏటి మధ్యలోంచి పిలిస్తే వినపడింది. బళ్లో నేను బల్ల దగ్గర్నుంచి పిలిస్తే వినపడదట.”

“చూశారా?” అంది తల్లి కూడా. ఇద్దరూ ఒకే సాక్ష్యం చూపించి ఒకరినొకరు ఓడించారు. నా శిక్షణలో ఇలాంటి కేసు రాలేదు.

జేబులో పిప్పరమెంటు బిళ్లలు ఉన్నాయి. పిల్లలతో పనికి వెళ్లేటప్పుడు అవి దగ్గరుంచుకోవడం ఒక్కటే నేను శిక్షణలో గట్టిగా నేర్చుకున్నది. పిల్ల తిరిగొచ్చి మాకు వీపు పెట్టి గట్టుమీద కూర్చుని ఏటి వైపు చూస్తోంది. పెద్ద టీచరుగారితో అన్నాను, “మీరు వెనక నిలబడి, బళ్లో పిలిచినట్టే, పిప్పరమెంటు కావాలా అని అడగండి.”

ఆవిడ నన్ను అనుమానంగా చూసి, అడిగారు. పిల్ల కదల్లేదు. మళ్లీ అడిగారు. కదల్లేదు. హోంవర్కు అంటే పొగరుతో పలకని పిల్లలు ఉండొచ్చు. పిప్పరమెంటుకు పలకని పొగరు ఈ భూమ్మీద లేదు.

నేను వెళ్లి పిల్ల ఎదురుగా కూర్చుని అదే మాట అంతే మెల్లిగా అడిగాను. నా పెదవులు చూసి చెయ్యి చాపింది. “కావాలండి అను,” అన్నాను. “కావాల,” అంది. చివర మింగడం కాదు. ఆ చివర ఆ పిల్లదాకా ఎప్పుడూ రాలేదు. మనవాళ్లు ‘అండి’ని ఎంత మర్యాదగా, ఎంత మెత్తగా దించుతారంటే, సగం చెవికి అది అందదు. ఇంట్లో ఏమో అందరూ ఏటికి అడ్డంగా మాట్లాడుకునే మనుషులు. తండ్రి పడవ మీద, తల్లి వీధుల్లో చేపలమ్ముతూ, అరిచి బతికేవాళ్లు. ముద్దు చేసినా పక్క ఊరికి వినబడేటట్టు చేస్తారు. అక్కడ పిల్ల చెవిలో లోటు ఎవరికీ తగల్లేదు.

అలా అని నేను అనుకున్నాను. తల్లి వైపు తిరిగి, “గమనించలేదా అమ్మా?” అని అడిగాను కూడా.

ఆమె చేతికంటిన పొలుసులు దులుపుకుంది. “తెలీకేంటండి. కన్నదాన్ని.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే పంపించేస్తారుగా.” గొంతు మొదటిసారి తగ్గింది. “మొన్న బళ్లో నా దగ్గర బాపట్ల మాట ఎత్తారుగా పెద్ద టీచరమ్మగారు, ఆ మర్నాడే గంప మా తోడికోడలికిచ్చి వెళ్లి చూసొచ్చా. బాగానే ఉందండి. పిల్లలు శుభ్రంగా ఉన్నారు, చేతుల్తో ఎంచక్కా మాట్లాడుకుంటన్నారు. అసలు వినపడనోళ్లకి అది మంచిదే, నేను కాదన్ను. మా దానికి సగం వినపడద్దండి. ఆ సగం అక్కడెవరికి కావాలి? రోజూ సాయంత్రం దాన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేదాన్ని నేను.”

పెద్ద టీచరుగారు కొంగు సర్దుకుని ఏదో అన్నారు. ఏటి గాలి తీసుకుపోయింది.

“ఏంటి?” అంది తల్లి.

ఆవిడ ముఖం ఎర్రబడింది. మళ్లీ అన్నారు, అలాగే, ప్రార్థనలాగే.

“ఏంటి?”

నేను ఏటి వైపు చూస్తూ ఉండిపోయాను. కొన్ని సందర్భాల్లో నిపుణుడు చేయగలిగిన మంచి పని అదొక్కటే. పెద్ద టీచరుగారు నన్ను చూశారు, తల్లిని చూశారు, చెప్పులు ఇసకలో గట్టిగా ఆనించి నిలబడ్డారు.

“మొదటి బెంచీలో కూర్చోబెడతా!”

రేవులో పడవెక్కుతున్నవాళ్లు ఆగి చూశారు. పిల్ల కూడా వెనక్కి తిరిగి చూసింది.

“వినపడిందండి,” అంది తల్లి. “ఎన్నాళ్లు?” అని అడిగింది. ఆ అనుమానం ఊరికే పోయేది కాదు.

ఇక మిగతాదంతా బేరమే. టీచర్లు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పకూడదు. పిల్ల ‘ఏంటి?’ అంటే కోప్పడకుండా గట్టిగా మళ్లీ చెప్పాలి. తల్లి పిల్లను తెనాలి తెచ్చి చెవి డాక్టరుకు చూపించాలి. చూపిస్తానంది, పరీక్ష జరిగినంతసేపూ తను గదిలోనే ఉంటే. ‘చెవిటి’ అనే మాట తనకు తెలియకుండా ఎవరూ ఎక్కడా రాయకూడదంది. డాక్టరు సగం వినబడుతోందనే చెప్పాడు. తల్లి నా వైపు చూసిన చూపుకు అర్థం, నేనెప్పుడో చెప్పానుగా అని.

చెవి మిషను ఆఫీసు ద్వారా రావడానికి ఒక వానాకాలం, ఒక చలికాలం పట్టాయి. అప్పట్లో అది మెడలో వేలాడే డబ్బా, అందులోంచి చెవికి ఒక తీగ. పిల్ల అది పెట్టుకుని రేపల్లె బజార్లో నడుస్తుంటే జనం ఆపి క్రికెట్ స్కోరు అడిగేవారు.

ఆ వేసవి సెలవులకు ముందు మళ్లీ పెనుమూడి వెళ్లాను. పిల్ల ఐదుకు పాసైంది, అదే బళ్లో. గుమ్మంలో నన్ను చూసి, “రండి, కూర్చోండి, మంచినీళ్లు తాగుతారా అండి?” అంది. చివర్లన్నీ వాటి చోట్లలో ఉన్నాయి, కాస్త ఎక్కువగానే.

“ఇదేం చదువండీ మేష్టారూ,” అంది తల్లి నీళ్ల చెంబు అందిస్తూ. “నాన్నండీ అంటంది వాళ్ల నాన్నని. ఆయన కంగారుపడి పడవ ఆపేశాడు, ఎవరో ఆఫీసరొచ్చాడనుకుని. నిన్న కుక్కని కూడా పక్కకి జరగండి అంది.”

“తగ్గిపోతుందిలే అమ్మా.”

“తగ్గకపోతే మళ్లీ బాపట్ల అంటారా?”

“అనం.”

ఆమె నమ్మినట్టు కనబడలేదు. వెళతానని లేస్తే గంప పక్కన పెట్టి, పిల్లని వెంటబెట్టుకుని నాతోపాటు బస్సు దాకా వచ్చింది. వద్దమ్మా అన్నా వినలేదు. బస్సెక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరికొచ్చి నా సంచీ వైపు చూస్తూ మెల్లిగా అడిగింది.

“ఇంతకీ మా ఇళ్లు కొలవరుగా?”

“ఏంటి?” అన్నాను, ఇంజను చప్పుడులో వినబడక.

“ఏంటండి అనాలి!” అని తల్లి పక్కనుంచి పిల్ల అరిచింది. బస్సు కదిలింది. తల్లి చెయ్యి ఊపలేదు. నేను నిజంగానే వెళ్లిపోతున్నానో లేదో చూస్తూ, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.