ఈశ్వరి కట్టిన దడి

బొబ్బిలి దగ్గరి ఓ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండరు సూరయ్య. అబద్ధాలాడే మనిషి కాదు. ఆడింది ఒక్కటే. అది ఒక ఆడపిల్ల మూడేళ్ల కష్టం మీదికొచ్చింది.

ఆ పిల్ల సుహాసిని, పాతపట్నం నుంచి వచ్చి అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. నార ఒలిచాక మిగిలే గోగు పుల్లల్ని గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గుతో కరెంటు దాచే సెల్లు చేస్తుంది. అది నిమిషంలో నిండాలి. వేలసార్లు నింపి వాడినా నీరసించకూడదు. ఈ వేసవి మొదట్లో చేసిన సెల్లు అలాగే నిలిచింది. తర్వాత చేసిన పదకొండూ దాని దరిదాపులకు రాలేదు.

పుల్లలు తెచ్చేది సూరయ్యే. ప్రతి కట్ట మీదా ఒకటే చీటీ: కొత్త పంట, హరిబాబు పొలం.

నెలాఖరులోగా మళ్లీ రాకపోతే మొదటి ఫలితం కొట్టేయమన్నాడు గైడు. ఆ మధ్యాహ్నం సుహాసిని అన్నం డబ్బా మూత తీసి, తినకుండానే పెట్టేసింది.

"నా సెయ్యే మంచిది కాదు బాబాయ్. ఎక్కడో తప్పు సేసుంటాను."

సూరయ్య బీకరు కడగడం ఆపాడు. "తప్పు నాదమ్మా. ఆ మొదటి కట్ట హరిబాబు పొలంది కాదు. మా ఇంటి దడిలోది."

"ఏటీ?"

"ఆ రోజు మా ఇంటిది ఈశ్వరి నెలమాసికం. పొలానికి ఎల్లలేకపోయాను. దడి ఓ మూల పడిపోయుంటే అదే కట్టి తెచ్చేసినాను. ఏ పుల్లైతే ఏటిలే అనుకున్నాను."

"పదకొండు సెల్లులు బాబాయ్! నన్ను ఎర్రిదాన్ని సేసి ఆడించినావు!"

"ముందు ఉద్యోగం పోతాదని సెప్పలేదు." బీకరు బోర్లించాడు. "తర్వాత, మిగతా దడి అడుగుతావని."

సుహాసిని నోట్సు తెరిచింది. "ఆ దడి ఎన్ని వానాకాలాలు తడిసింది?"

"మూడు. నాలుగోది సూడకుండా ఈశ్వరి ఎలిపోయింది."

"పుల్లల్లో ఉప్పులన్నీ వానకి కొట్టుకుపోయుంటాయి. అందుకే ఆ బొగ్గు నిలిచుంటాది. కానీ ముందు ఆ పుల్లతోనే మళ్లీ రావాలి. నాలుగు కట్టలు కావాలి బాబాయ్."

దడి మొత్తం అంతే.

మర్నాడు సూరయ్య కత్తి తీసుకుని దడి ముందు కూర్చున్నాడు. ఊళ్లో అందరివీ ఇనప తీగ కట్లు. ఈశ్వరి మాత్రం రెండు పేటల గోగునార మెలేసి, ముడి లోపలికి దాచి కట్టింది. కత్తి పక్కన పెట్టేశాడు. ఒక్కో ముడీ గోళ్లతోనే విప్పాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వీధిలోంచి పెరడంతా కనిపించింది.

చీటీ మీద ఈసారి నిజం రాశారు. పదమూడో సెల్లు నిలిచింది.

ల్యాబులో మిగిలిన హరిబాబు పొలం పుల్లలు సుహాసినే రిక్షాలో వేయించి పంపింది. సూరయ్య వాటిని పాత నారతోనే దడిగా కట్టాడు. ముడి లోపలికి దాచడం మాత్రం అతనికి చేతకాలేదు.