నాంపల్లిలో నా కోపానికి వైద్యం

ఇప్పుడంటే మనసు బాగోలేక డాక్టర్‌కి చూపించుకున్నామని ఆఫీసుల్లో మామూలుగా చెప్పుకుంటున్నారు గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలా వెళ్ళారంటే ఆ మనిషి పని అయిపోయిందనే అనుకునేవాళ్ళు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. కోపం జబ్బని నేను ఎన్నడూ అనుకోలేదు. నిజాయితీ ఉన్నవాళ్ళకే కోపం వస్తుందని నా గట్టి నమ్మకం. (ఆ లెక్కన హైదరాబాద్ మొత్తానికి నా అంత నిజాయితీపరుడు ఇంకొకడు ఉండడు.)

అబిడ్స్‌లో ఒక కళ్ళజోళ్ళ షాపులో సేల్స్‌మన్‌ని. పొద్దున పదింటి నుంచి షట్టర్ దించేదాకా నిలబడే ఉండాలి. ఒక గురువారం మధ్యాహ్నం, నేనింకా అన్నం తినకముందు, రిటైరైన టీచరమ్మ ఒకావిడ వచ్చారు. సుమారు నలభై ఫ్రేములు పెట్టుకుని చూసుకున్నారు. అద్దం అటు తిప్పారు, ఇటు తిప్పారు, చివరికి "ఏదీ నప్పట్లేదు బాబూ" అన్నారు. "ఫ్రేములు చాలా ఉన్నాయండీ, ఇంకో మొహమే మా దగ్గర స్టాకు లేదు" అన్నాను. షాపులో ఉన్న వాళ్ళంతా నా వైపు తిరిగారు. ఆవిడ ఫ్రేము తీసి మెల్లగా కౌంటర్ మీద పెట్టి, తన పాత జోడు తగిలించుకుని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. నా దగ్గర ఇంకో రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి.

మా ఓనర్‌ని పెద్దసార్ అనేవాళ్ళం. పాత హైదరాబాదీ, గొంతు పెంచగా ఎవరూ వినలేదు. నన్ను లోపలికి పిలిచి, "ఏందయ్యా నువ్వు? ఈ నెలల ఇది మూడోసారి. పని మంచిగనే చేస్తవు, నోరే ఖరాబుంది. నాంపల్లిల ఒక డాక్టరమ్మ ఉన్నది. మా తమ్మునికి గిట్లనే ఉండె, ఆమె దగ్గరికి పోయినంక జర నయమైంది. రేపు పొద్దుగాల చూపించుకొని రా. లేకుంటే ఇంక రానే రాకు" అన్నారు.

"నాకేం జబ్బు లేదు సార్."

"మా తమ్ముడు గూడ గట్లనే అన్నడు."

ఇంట్లో అమ్మా చెల్లీ నా జీతం మీదే ఉన్నారు కాబట్టి మర్నాడు వెళ్ళాను. స్టేషన్ రోడ్డులో, ఒక మందుల షాపు పైన క్లినిక్. నా టోకెన్ ఏడు. ఆరో నంబరు బయటికి రాగానే కౌంటర్‌లో అమ్మాయి ఎనిమిదిని పిలిచింది. నేను లేచాను. "ఏడు ఎక్కడికి పోయిందండీ?" అన్నాను. "ఆయనకు ట్రైన్ ఉన్నదంట సార్, జర ఆగుండ్రి" అంది. "నేను ఖాళీగా కనిపిస్తున్నానా?" అన్నాను. (పూర్తిగా ఖాళీగానే ఉన్నాను.) టై కట్టుకున్న తొమ్మిదో నంబరాయన కూడా లేచి, ఈ దేశంలో క్యూ అంటే ఎవరికీ లెక్క లేకుండా పోయిందన్నాడు. ఎనిమిదో నంబరాయన సంచీ కింద పెట్టి "నన్నంటున్నవా?" అని ఆయన మీదికి వచ్చాడు. ముగ్గురం ఒకేసారి మాట్లాడుతుండగా లోపలి తలుపు తెరుచుకుంది. యాభై దాటిన డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి మమ్మల్ని కాసేపు చూసింది.

"ముగ్గురూ దేనికోసం వచ్చారు?"

తొమ్మిదో నంబరాయన టై సర్దుకున్నాడు. చివరికి ఎనిమిదో నంబరాయన నేల చూపులు చూస్తూ, "కోపానికి మేడమ్" అన్నాడు.

నా వంతు వచ్చినప్పుడు ఆవిడ, "బయటే విన్నాను కాబట్టి సగం ప్రశ్నలు అడగక్కర్లేదు" అని నవ్వింది. కోపం వచ్చే ముందు క్షణం ఎలా ఉంటుందని అడిగింది. ఏమీ ఉండదు, కోపమే ఉంటుందన్నాను. ఆలోచించి చెప్పమంది. ఆలోచించాను. "అలిసిపోయినట్టుంటుందండీ. ఎవరో ఒకరు నన్ను కూర్చోమంటే బాగుండుననిపిస్తుంది" అన్నాను. ఆ ముక్క ఒక్కటే రాసుకుంది. తరవాత, "ఇంట్లో వాళ్ళు మీకు భయపడతారా?" అంది.

"ఛఛ. మా అమ్మకీ చెల్లికీ నేనంటే ప్రాణం."

"అది కాదు నేను అడిగింది. ఇంటికెళ్ళి కనుక్కోండి."

ఖైరతాబాద్‌లో మాది మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు. చెల్లి బట్టలు మడత పెడుతోంది. అడిగాను. అది ముందు అమ్మ వైపు చూసింది. "నువ్వు మెట్లెక్కే చప్పుడు వింటాం అన్నయ్యా. అడుగులు గట్టిగా పడితే టీవీ కట్టేసి పుస్తకం తీస్తాను. అమ్మ కూర వేడి చేస్తుంది" అంది, నీళ్ళు ఎన్నింటికి వస్తాయో చెప్పినట్టు. అమ్మ "ఊరుకోవే" అంది. నాకు కోపం వస్తుందేమోనని ఇద్దరూ చూస్తున్నారు. రాలేదు. బయటికి వచ్చి పై మెట్టు మీద కూర్చున్నాను. ఎప్పుడూ లేనంత నీరసంగా అనిపించింది.

ఆ తరవాత ఆర్నెల్లు, రెండు వారాలకోసారి నాంపల్లి వెళ్ళాను. చెవులు వేడెక్కగానే "ఒక్క నిమిషం" అని పక్కకెళ్ళి మంచినీళ్ళు తాగమంది డాక్టరమ్మ. మొదటి వారం నేను తాగిన నీళ్ళకి పెద్దసార్ కంగారుపడి, "షుగర్ గిట్ల చూపించుకున్నవా?" అన్నారు. మధ్యలో ఒకసారి బస్సు కండక్టర్ మీద అరిచి, సిగ్గుపడుతూ ఆవిడకి చెప్పాను. ఎంతసేపు అరిచారంది. నాంపల్లి నుంచి లక్డీకాపూల్ దాకా అన్నాను. ఇదివరకైతే ఎందాకా అంది. బస్సు ఎందాకా పోతే అందాకా అన్నాను. "మరి తగ్గినట్టే కదా" అంది.

ఆ పాత జోడు కూడా మా దగ్గర కొన్నదే కాబట్టి టీచరమ్మ అడ్రసు షాపు రిజిస్టర్‌లో దొరికింది. ఒక ఆదివారం ఫ్రేములు పెట్టెలో సర్దుకుని గన్‌ఫౌండ్రీలో వాళ్ళింటికి వెళ్ళాను. దారి పొడుగునా వల్లెవేసుకున్న క్షమాపణ గుమ్మంలోనే మర్చిపోయి, "తప్పయిందండీ" అని మాత్రం అన్నాను. ఆవిడ కుర్చీ చూపించారు. "నలభై తీయించడం నాదీ తప్పేలే బాబూ. ఏది బాగుందో మా ఆయన చెప్పేవారు. ఆయన పోయాక తేల్చుకోవడం చేతకావట్లేదు" అన్నారు. పెట్టెలోంచి ఒకటి తీసి పెట్టుకుని నా వైపు తిరిగారు. బాగుందండీ అన్నాను. నిజంగానే బాగుంది.

ఉద్యోగం నిలిచింది. చెల్లి మాత్రం నన్ను అంత తొందరగా నమ్మలేదు. దానికి ఏడాది పైనే పట్టింది.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్ళు. పూర్తిగా నయమైందని చెప్పను. పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలాయన, నేను తీసి పక్కన పెట్టుకున్న పుస్తకాన్ని వేరే వాళ్ళకి ఇచ్చేశాడు. నాలుగు మాటలు గట్టిగానే అని ముందుకెళ్ళిపోయాను. పోస్టాఫీసు దాకా వెళ్ళాక చెవులు చల్లబడ్డాయి. ఆ జనంలో పడి, మోకాళ్ళు నొప్పెడుతున్నా వెనక్కి వచ్చి, "అలా అనాల్సింది కాదు" అన్నాను.

ఆయన స్టూలు నా వైపు జరిపాడు. "గిట్ల గట్టిగ ఒర్రేటోళ్ళు రోజూ ఉంటరు సార్. మళ్ళ తిరిగొచ్చి చెప్పెటోళ్ళే తక్కువ. కూసోండ్రి, చాయ్ తాగుండ్రి."

కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ళ నన్ను ఎవరైనా ఇలా పక్కన కూర్చోబెట్టి ఉంటే వాడు తప్పకుండా స్టూలు కుంటుతోందని తగువు పెట్టుకునేవాడు. స్టూలు నిజంగానే కుంటుతోంది. చాయ్ వచ్చేసరికి చల్లారిపోయింది కూడా. నేనేమీ అనకుండా తాగేశాను.