బాలమణి టీచరు ముందు సీటు

ఈ ఉదయం డాబా మీద ఆరేసిన దుప్పటి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. కాఫీ గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గరే ఆగిపోయాను. దుప్పటి అంచు మాత్రమే ఎగిరితే పడవ దింపవచ్చు. దుప్పటి మొత్తం లేచి తీగకు చుట్టుకుంటే ఆ రోజు నీళ్ళ జోలికి పోకూడదు. ఈ కొలత ఏ పుస్తకంలోనూ లేదు. నదీ చెరువూ కంటికి ఆనని ఒక దిల్‌సుఖ్‌నగర్ సందులో, ఇలాంటి డాబా మీదే, బాలమణి టీచరు నాకు నేర్పారు. ఇవాళ అంచు మాత్రమే ఎగిరింది. యాభై ఆరేళ్ళ మనిషిని, అది చూసి గబగబా కిందికి దిగి క్యాలెండరు ముందు నిలబడ్డాను. ఆవిడను ఎరగని వాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇవాళ గాలే తొందరపెట్టింది.

ఆవిడ ఇంటి పైవాటాలో కిరాయికి దిగేనాటికి నాకు నలభై ఒకటి. మాది గుంటూరు దగ్గరి పల్లె. కోచింగ్ సెంటరులో ఫిజిక్సు చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగరీత్యా నెలలో సగం రోజులు ఊళ్ళు తిరిగేవారు. బాలమణి టీచరుకు అప్పుడు అరవై మూడు. హయత్‌నగర్ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. సన్నగా, నిటారుగా, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, ఎప్పుడూ ఎక్కడికో బయలుదేరుతున్నట్టు ఉండేవారు. డాబా మీద నీలం పట్టా కప్పిన పొడవాటి వస్తువు ఒకటి అడ్డంగా పడి ఉండేది. పాత నీళ్ళ ట్యాంకేమో అనుకున్నాను.

"టీచరుగారూ, ఆ ట్యాంకు కాస్త పక్కకు జరిపిస్తారా? బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదండీ" అని అడిగాను.

"ట్యాంకా? జర పట్టా లేపి చూడు బిడ్డా" అన్నారు.

లేపి చూస్తే ఆకుపచ్చ పడవ. రెండు కొసలూ కోసుగా, బోర్లించి ఉంది.

"కెనూ అంటరు దీన్ని. ఇద్దరు కూసునే పడవ. ట్యాంకులు పోసే షెడ్డుల ఫైబరుతోని నేనే చేపిచ్చిన. మొదాలు పోతే ఆ మేస్త్రి నవ్విండు. మూడోసారి పోయేసరికి నవ్వుడు బంద్ జేసి కొలతలు అడిగిండు."

ఆవిడ తండ్రి సాగర్ రోడ్డు పక్క ఊళ్ళో చెరువులో చేపలు పట్టేవాడట. గుండ్రటి పుట్టిలో కూర్చుని తెడ్డు వేస్తూ పెరిగానని చెప్పారు. "పుట్టిల ఉన్నకాడనే గిర్రున తిరుగుడు. ఇదైతే చూపెట్టిన తోవల పోతది" అని పడవ వీపు తట్టి, నా వైపు తిరిగి, "నీకు ఈతొస్తదా?" అన్నారు.

"మా ఊరి కాలవలో నేర్చుకున్నానండీ."

"అయితె ముందు సీటు నీదే."

సరదాకి అన్నారనుకున్నాను. ఆ ఆదివారమే పడవను ట్రాలీ ఆటోకి కట్టించి, తుర్కయంజాల్ దాటాక ఒక చెరువు గట్టున నన్ను దింపారు. నేను తెడ్డుతో నీళ్ళను బాదుతుంటే వెనక కూర్చున్న ఆవిడ తడిసి ముద్దయ్యారు. "నీళ్ళను కొట్టకు బిడ్డా, అవేం జేసినయ్ నిన్ను? తెడ్డును నిలువుగ దించు. పడవను దాని కాడికి గుంజు" అన్నారు. చర్యకు ప్రతిచర్య గురించి పదిహేనేళ్ళుగా పిల్లలకు బోర్డు మీద చెబుతున్నదాన్ని. అది నా భుజాలకు తెలిసింది మాత్రం ఆ రోజే. పడవ మొదటిసారి ముందుకు జారినప్పుడు నా నోట్లోంచి కేక వచ్చింది. గట్టు మీద గేదెలు తలలెత్తి చూశాయి.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జరిగే రోజులు. బంద్ అంటే షట్టర్లు దిగేవి, బస్సులు డిపోల్లో ఆగేవి, మా కోచింగ్ సెంటరుకు తాళం పడేది. ఆ రోజుల్లో కూరగాయల బండి దగ్గర కూడా నేను గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. నా మాట వినగానే నా ఊరు తెలిసిపోతుందని బెరుకు. టీచరేమో ఊరేగింపులన్నిటికీ వెళ్ళేవారు. ఒక రోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండి, అందరూ కలిసి తినడం అన్నమాట. "నువ్వు గూడ రా. గాలికి రేకు అడ్డం పెడితే ఎన్ని పుల్లలు మిగుల్తయో చూద్దం. క్యాంపుల పనికొస్తది" అన్నారు. భయపడుతూనే వెళ్ళాను.

మూడు రాళ్ళ పొయ్యి చుట్టూ రేకు వంచి నిలబెట్టి, ఆవిడ పప్పు కలుపుతుంటే నేను రుచి చూసి, "ఉప్పు సరిపోయిందండీ" అన్నాను. పక్కన జెండా పట్టుకున్న ఒకావిడ తల తిప్పింది.

"గీమెది ఆంధ్రానా?"

టీచరు గరిటె ఆపలేదు. "ఔ, గుంటూరు. నా పడవల ముందు తెడ్డు గీమెదే. నీకు అన్నం వెట్టాల్నా, వద్దా?"

జెండా పట్టుకున్నావిడ నన్ను చూసి, నవ్వి, విస్తరి ముందుకు చాపింది. వడ్డించింది నేనే.

బస్సుల్లేక ఇద్దరం నడిచే వెనక్కి వచ్చాం. దారిలో అడిగేశాను. "రాష్ట్రం వస్తే మేం వెళ్ళిపోవాల్సి వస్తుందా టీచరుగారూ?"

"రాష్ట్రం అడుగుతున్నం గని, నిన్ను పొమ్మంట లేను. నీకు భయమైతున్నదని నాకు సమజైతది. మరి నేను నోరు తెరిస్తే మీ కోచింగోళ్ళు ముసిముసిగ నవ్విన్రు సూడు, గది నీకు సమజైందా?" అన్నారు.

ఒకసారి మా కోచింగ్ సెంటరు వార్షికోత్సవానికి ఆవిడను తీసుకువెళ్ళాను. అక్కడ ఎవరో నవ్వారు. నేను విననట్టు ఊరుకున్నాను. ఆవిడ అంతా చూశారన్నమాట. మొహం చెల్లక నడుస్తూ ఉండిపోయాను. చైతన్యపురి దాటాక, "తప్పయిందండీ" అన్నాను. "సరె. రేపు మ్యాపు ముందటేసుకుందం" అన్నారావిడ, అంతే.

ఆ మ్యాపు కథ చెప్పాలి. కృష్ణా నది సాగర్ డ్యాము వెనక చెరువులా పరుచుకునే చోట, రెండు రోజులు పడవ వేసుకుంటూ మధ్యలో ఒడ్డున గుడారం వేయాలని ఆవిడ కోరిక. చిన్న గుట్ట ఒకటి నీళ్ళ మధ్య దీవిలా ఉంటుంది. దాని మీద కాలు పెట్టాలి. కానీ అప్పటికే కుడి భుజం మొరాయిస్తోంది. దవాఖానలో చెయ్యి ఎక్కువ ఎత్తొద్దన్నారు. నేనైతే ప్రయాణమే మానుకునేదాన్ని. ఆవిడ పాత క్యాలెండరు కాగితం వెనక అన్నిటికంటే పైన రాసింది ఏమిటంటే: "కుడి భుజం. గంటసేపు మంచిగ ఉంటది, తర్వాత నొస్తది." తక్కినదంతా ఆ వాక్యం కిందనే కూర్చారు. గంటకో విరామం. పడవను మోయకుండా పాత సైకిలు చక్రాలతో చిన్న బండి. ఎడమవైపు తెడ్డు వేయడం రోజూ డాబా మీద, కుర్చీలో కూర్చుని, చీపురుకట్టతో సాధన. ఎదురింటివాళ్ళు చూసి నవ్వుకునేవాళ్ళు. మెల్లగా నేనూ ఇంకో చీపురు పట్టుకుని ముందు కుర్చీలో కూర్చున్నాను. ఆ సాయంత్రాల్లో మా ఇద్దరికీ ఎంత హుషారో చెప్పలేను. బియ్యం ఎంత, తాడు ఎంత పొడవు, టార్చి ఎవరి సంచీలో అని పిల్లల్లా పోట్లాడుకునేవాళ్ళం. తేదీ మూడుసార్లు పెట్టాం, మూడుసార్లూ బంద్ పడింది. "బంద్ మనదే, ట్రిప్పు గూడ మనదే. ఏం జేద్దం చెప్పు!" అని తనే తేదీ కొట్టేసి, తనే కొత్తది రాసేవారు.

పెద్ద సమ్మె ముగిసిన తర్వాత, చలికాలంలో వెళ్ళాం. అక్కడ చేపలు పట్టే శంకరయ్య ఆవిడకు చిన్నాయన కొడుకు. ఒడ్డున పడవ దింపి, తనూ తన పుట్టీ దగ్గర్లోనే ఉంటామని ధైర్యం చెప్పాడు. ఉదయమంతా నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మధ్యాహ్నానికి గుట్ట కనిపించింది. దాని మీది పొదలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. నా ఉత్సాహం పట్టశక్యం కాలేదు. అప్పుడే వెనక నుంచి ఆవిడ పడవను ఒడ్డు వైపు తిప్పారు.

"ఇంకో పావుగంటే టీచరుగారూ! అదిగో కనిపిస్తోందిగా!"

"పోవుడు పావుగంట. వచ్చుడెంత?"

ఒడ్డెక్కి, మొహం ముడుచుకుని కూర్చున్నాను. అరగంట గడిచిందో లేదో గాలి లేచింది. మాకూ గుట్టకూ మధ్య నీళ్ళన్నీ తెల్లటి నురగతో లేచి పడుతున్నాయి. చూశావా అని ఆవిడ అనలేదు. ఛాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి, "గుడారం గుంజలు ఈ దిక్కు పాతుదం" అన్నారు. సాయంత్రం శంకరయ్య ఇచ్చిన చేపలతో పులుసు చేసుకుని జొన్నరొట్టెలతో తిన్నాం. అంత రుచి మళ్ళీ ఎరగను.

తెల్లవారి చూస్తే గాలి లేదు. ఆవిడ జుట్టు ముడి వేసుకోవడానికి చెయ్యి ఎత్తబోయి ఆగిపోయారు. మళ్ళీ ప్రయత్నించారు. చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. నేను దగ్గరికి వెళ్ళి ముడి వేశాను. ఇక శంకరయ్యను పిలిచి వెనక్కి వెళ్ళిపోవడమే అనుకుని గుడారం విప్పుతున్నాను.

"ఝాన్సీ, నువ్వు ఎనక సీటుకు పో" అన్నారు.

వెనక కూర్చున్నవాళ్ళే పడవకు దారి చూపేది. అప్పటిదాకా ఆ సీటు ఎవరికీ ఇవ్వలేదావిడ. వెళ్ళి కూర్చున్నాను. మొదట పడవ పాములా మెలికలు తిరిగింది. "పడవను చూడకు, గుట్టను చూడు" అన్నారు ముందు నుంచి. ఎడమచేతి వైపు మెల్లగా పది తెడ్లు వేసి, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయారు. నేను గుట్టనే చూశాను. మెలికలు తగ్గాయి. నీళ్ళ మీద ఒక కొంగ మా కంటే ముందు ఎగురుతూ పోయింది. పడవ ముక్కు రాళ్ళకు తగిలినప్పుడు ఆవిడ రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టి, నా వైపు తిరిగి గట్టిగా అరిచారు.

"ఇన్నేండ్లు పోరగాండ్లకు విజిల్ ఊదిన గని, ముందు సీట్ల కూసుంటే ఇంత మంచిగుంటదని నాకెవ్వరు చెప్పలే!"

గుట్ట మీద నలభై నిమిషాలు ఉన్నాం. శంకరయ్య తన పుట్టిలోంచి చేతులూపుతుంటే మేమూ గెంతుతూ ఊపాం.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆవిడ సందంతా మిఠాయి పంచి, మొదటి ముక్క నా నోట్లో పెట్టారు. నాకు ఆ రోజు సంతోషమూ దిగులూ రెండూ ఉన్నాయి. ఆవిడకు అది తెలుసు, నన్ను నవ్వమని అడగలేదు. మేం ఎక్కడికీ వెళ్ళలేదు. ఇద్దరం కలిసి ఇంకా ఏడు ప్రయాణాలు చేశాం. ప్రతిదానిలోనూ దూరం తగ్గించి, రోజులు పెంచారు. మూడేళ్ళ కిందట జబ్బుచేసి పోయారు. పడవ నాకివ్వాలని కూతురికి ముందే చెప్పి ఉంచారు. ఇప్పుడది బడంగ్‌పేట్‌లో మా ఇంటి డాబా మీద ఉంది.

ఎల్లుండి మళ్ళీ నీళ్ళ మీదికి. మా సెంటరులో కెమిస్ట్రీ చెప్పే రజిత ముందు సీటులో కూర్చుంటుంది, ఆమెకు ఇది మొదటి ప్రయాణం. ఇవాళ మ్యాపు పరుచుకుని కాగితం పైన మొదటి వాక్యం రాశాను: "కుడి మోకాలు. అరగంటకోసారి చాపుకోవాలి." అంటే అరగంటకో మంచి ఒడ్డు కావాలి. శంకరయ్యకు ఫోను చేసి, ఒక్కొక్కటే అడిగి మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటూ పోతే పదకొండు దొరికాయి. ఒకచోట వరుసగా తాటిచెట్లున్నాయట, ఒకచోట సన్నటి ఇసుకట, ఇంకొకచోట నీళ్ళ దాకా రాతి మెట్లట. ఇన్నేళ్ళుగా వాటి పక్క నుంచే తెడ్డు వేసుకుంటూ పోయాను. మోకాలు బాగున్నన్ని రోజులూ ఆ పదకొండింటిలో ఒక్కదాని మీదా దిగలేదు.