ఫోటోలో పడని అవ్వ

అది 2023. ఊటీలో వానలు కాస్త తెరిపిచ్చి, మధ్యాహ్నం దాటితే పొగమంచు దిగే రోజులు. నేను ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్‌ని. అంటే ఏ స్టూడియో జీతమూ లేకుండా, పిలిచిన చోటికల్లా కెమెరా సంచి భుజాన వేసుకుని వెళ్లే మనిషిని. ఇల్లు దూలపల్లిలో. పెళ్లిళ్ల రోజుల్లో మేడ్చల్, శామీర్‌పేట, బౌరంపేట్ ఫంక్షన్ హాళ్ల చుట్టూ తిరుగుతాను. మిగతా కాలం ఊటీలో మార్కెట్ పైన ఎత్తులో ఓ చిన్న అద్దె గదిలో ఉంటాను. "ఒక్కదానివి గా సల్ల కొండలల్ల ఏం జేస్తవే" అని మా బాపు మొదట్లో రోజూ ఫోన్ చేసి సతాయించేవాడు. ఇప్పుడు ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా ముందు నా నంబరే ఇస్తాడు.

కొండ మీద పని వేరు. బయట చల్లబడ్డ కెమెరాను హీటర్ వేసిన కారులోకి తెచ్చి సంచి తెరిచామా, లెన్స్ నిండా ఆవిరి పట్టేస్తుంది. సంచిలోనే పెట్టి మెల్లగా వేడెక్కనివ్వాలి. మనవైపు నుంచి వచ్చే జంటలైతే పల్చటి గౌన్లు, సిల్కు చొక్కాలు వేసుకుని దిగుతారు. పళ్లు టకటక కొట్టుకుంటుంటే ప్రేమగా నవ్వమని నేను బతిమాలాలి. అందుకే ఫ్లాస్కులో టీ లేకుండా నేను గది దాటను. ఆ టీ వల్ల వచ్చిన నవ్వులే చాలా ఆల్బముల్లో ఉన్నాయి.

ఆ సీజన్లో శామీర్‌పేట నుంచి రూతు, ప్రవీణ్ వచ్చారు. రూతు ల్యాబులో పనిచేస్తుంది, ప్రవీణ్ ఏసీ మెకానిక్. వాళ్లకు ప్రీ వెడ్డింగ్ షూట్ కావాలి. పెళ్లికి ముందే జంటను ఓ అందమైన చోటికి తీసుకెళ్లి తీసే ఫోటోలూ వీడియోలూ ఇవి. పెళ్లిరోజు హాల్లో పెద్ద తెర మీద వేస్తారు. చిక్కేమిటంటే రూతు వాళ్ల నాన్న చర్చిలో పెద్ద. వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఫలానా జంటకు పెళ్లని ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చు. ఆ ప్రకటనలైనా కాకముందే పిల్ల పిల్లగాడితో కొండలెక్కడమా అని ఆయన కుదరదన్నాడు. రూతు రెండు రోజులు అన్నం ముందు మొహం ముడుచుకుని కూర్చుందట. అప్పుడు వాళ్ల అవ్వ మరియమ్మ, అంటే ఆయన తల్లి, కలగజేసుకుంది. తల్లి పోయాక రూతును పెంచింది ఈ అవ్వే. "నేను బోత తోడు. ఇద్దరి నడుమ నేనే కూసుంట. ఇగ ఎవలేమంటరో అనుండ్రి" అందట. ఇక ఆ కొడుకు నోరెత్తలేదు.

అలా మరియమ్మ అవ్వ డెబ్బై దాటిన వయసులో మొదటిసారి కొండలు చూసింది. తల మీద మంకీ క్యాప్, ఒంటి మీద మందపాటి దుప్పటి. చెప్పినట్టే కారులో ఇద్దరి నడుమనే కూర్చుంది. మలుపు మలుపుకీ ప్రవీణ్ మీద ఒరుగుతూ, "నువ్వు గిట్ల ఒరిగితె ఊకోను గని, నేను ఒరిగితె తప్పులేదు" అని నవ్వించింది. ఆవిడ మీద నాకు మొదటి గంటలోనే ఇష్టం పుట్టింది.

మధ్యాహ్నం తర్వాత ఓ తేయాకు తోటకు వెళ్లాం. కారు పైన రోడ్డు మీద ఆగింది. అక్కడి నుంచి తోటలోకి మట్టిబాట దిగుతుంది. ముందు వైడ్ లెన్స్ పెట్టాను. అది మనిషితో పాటు చుట్టూ ఉన్న కొండంతా పట్టే లెన్స్. కొండంతా పట్టింది, బాట పక్క రాయి మీద కూర్చున్న అవ్వనూ పట్టింది. కొంచెం పక్కకు జరగమన్నాను. జరిగింది. అక్కడా పడింది. ఇంకొంచెం జరగమన్నాను. రూతు చలికి ముడుచుకుపోతోంది, వెలుతురు పోతోంది, నాకు విసుగొస్తోంది.

"యాడికి వోతె పడ బిడ్డా నీ ఫోటోల?" అని అడిగింది అవ్వ.

"నీకు నా కెమెరా కనవడ్తె, నువ్వు దానికి కనవడ్తవ్ అవ్వా. గంతే లెక్క," అన్నాను. ఈ మాట నేను పెళ్లిళ్లలో చుట్టాలందరికీ చెప్తాను. ఒక్కరూ వినరు. అవ్వ మాత్రం తలూపి, తన దుప్పటి తీసి, "ఫోటో ఫోటోకు నడుమ కప్పుకో" అని రూతుకిచ్చి, చీర కుచ్చిళ్లు పట్టుకుని పక్కకు వెళ్లిపోయింది. నేను కెమెరాలోకి తల పెట్టాను.

ఆ తర్వాత పని అద్భుతంగా సాగింది. బాట వెంట దిగుతూ మూడు చోట్ల తీశాం. చివరి చోట కింది నుంచి పొగమంచు లేచి వచ్చింది. మేం ఎదురుచూసేది దాని కోసమే. తేయాకు మొక్కల మీదుగా అది పాకుతుంటే ప్రవీణ్ నుదురు రూతు నుదురుకు ఆనించి నిలబడ్డాడు. ఆ సీజన్ మొత్తానికీ అంత మంచి ఫోటో పడలేదు నాకు. కాసేపటికి పదడుగుల అవతల ఏమీ కనబడకుండా పోయింది. ఇక చాలు పదండి అన్నాను.

పైకెక్కి చూస్తే రాయి దగ్గర అవ్వ లేదు. చలికి కారెక్కి ఉంటుందనుకున్నాం. కారులోనూ లేదు. డ్రైవరు మణి ఊటీవాడు, టూరిస్టులతో తిరిగి తెలుగు పట్టేశాడు. "అమ్మ ఇటు రాలేదు మేడమ్, నేను ఇక్కడే ఉన్నాను," అన్నాడు. ఫోన్ చేస్తే అవ్వ ఫోను రూతు సంచిలోనే మోగింది. రోడ్డు మీద అటు కొంత దూరం, ఇటు కొంత దూరం వెళ్లి అరిచాం. టీ బండి దగ్గర అడిగాం. ఎవరూ చూడలేదు. చీకటి పడడానికి ఎంతో సేపు లేదు. మణి నన్ను పక్కకు పిలిచి, "ఈ టైముకి అడవిదున్నలు తోటలోకి దిగుతాయి. జల్దీ చూడాలి," అన్నాడు.

రూతు ఆ దుప్పటి భుజాల మీద అట్లాగే పట్టుకుని రోడ్డు పక్కన కూలబడింది. "అక్కా, గీ సలిల మా అవ్వ ఉత్త చీర మీదున్నది. నా ఫోటోల పిచ్చికి ముసలిదాన్ని సంపుకుంటున్న," అని ఏడ్చింది.

"మీ బాపుకు ఫోన్ జేద్దాం," అన్నాడు ప్రవీణ్.

"ఏమని చెప్తవ్? ఫోటోలు మంచిగొచ్చినయ్, అవ్వ పోయిందని చెప్తవా?"

ప్రవీణ్ తీసిన ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మణి పోలీసులకు చెప్పడానికి ఫోను తీశాడు. నాకేం చేయాలో తోచక కెమెరా తెరిచి వెనక్కి చూడడం మొదలుపెట్టాను. ఏదో ఒక ఫోటోలో అవ్వ మూలకైనా పడి ఉంటుంది, ఎటు వెళ్లిందో తెలుస్తుందని ఆశ. పెద్దవి చేసి మూలమూలా చూశాను. ఒక్కదాంట్లోనూ లేదు. మూడు చోట్లు మారాను, మూడు వైపులకూ కెమెరా తిప్పాను, అయినా ఒక్క ఫోటోలో కొంగు అంచు కూడా లేదు. మామూలుగా చుట్టాలు ఇట్లా తప్పించుకోలేరు. ఎవరో ఒకరి మోచెయ్యి ఎక్కడో ఒకచోట దూరుతుంది.

అప్పుడు నా మాట నాకే గుర్తొచ్చింది. నేను చోటు మారినప్పుడల్లా అవ్వ కూడా మారింది. కెమెరా కనబడని చోటు వెతుక్కుంటూ పోయింది. అంటే రోడ్డు మీద వెతికి లాభం లేదు. మేం కిందికి దిగుతుంటే ఆవిడా దిగింది. నా చివరి ఫోటోలో ఏ చోటు కనబడదో అక్కడుంటుంది.

చివరి ఫోటో తెరిచి చూశాను. జంట, వాళ్ల పక్కన ఓ పొడుగాటి చెట్టు, చెట్టు వెనక మంచులో సగం కరిగిపోయిన రేకుల షెడ్డు. కోసిన తేయాకు తూచే షెడ్డు అది. ఆ వాలంతా ఖాళీగా కనబడుతోంది, షెడ్డు వెనక భాగం ఒక్కటే కనబడదు.

మళ్లీ కిందికి పరుగెత్తాం. పొగమంచులో షెడ్డు కాదు కదా, చెట్టు కూడా కనబడడం లేదు. తడిమట్టిలో నా ట్రైపాడ్ కాళ్లు దిగిన మూడు గుంతలు మాత్రం అట్లాగే ఉన్నాయి. కెమెరాను నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు అది. మళ్లీ ఆ గుంతల్లోనే దాని కాళ్లు పెట్టి, కెమెరాను ఫోటోలో ఉన్నట్టే తిప్పి, అది చూసిన దిక్కుకు టార్చి పట్టుకుని నడిచాను. ముందు చెట్టు చేతికి తగిలింది. తర్వాత రేకుల గోడ. గోడ పట్టుకుని వెనక్కి తిరిగాను.

మరియమ్మ అవ్వ బోర్లించిన బుట్ట మీద కూర్చుని ఉంది. మోకాళ్లు గుండెకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేస్తోంది. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"అయిపోయినయా బిడ్డా ఫోటోలు?"

అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. రూతు వచ్చి అవ్వను దుప్పటితో సహా చుట్టేసుకుని బావురుమంది. మణి ఫోనులో పోలీసులకు తమిళంలో, దొరికిందని గట్టిగా చెప్తున్నాడు. అందరం నవ్వుతున్నాం, అందరి కళ్లూ తడిగానే ఉన్నాయి.

"గింతసేపు పిలుస్తున్నం, ఎందుకు పలకలేదే?" అంది రూతు.

అవ్వ మంకీ క్యాప్ చెవి మీద నుంచి పైకి లాగింది. "ఏందీ, పిలిచిన్రా?"

తర్వాత టీ తాగుతూ జరిగింది చెప్పింది. "రాయి కాడ్నుంచి ఇవతలికొచ్చిన. తొంగి సూస్తె గా మూడు కాళ్ల కట్టె కనవడ్డది. మల్ల జరిగిన. మల్ల కనవడ్డది. ఇగ గీ రేకుల ఎన్కకొచ్చిన. గప్పుడే మబ్బు కమ్మింది, నువ్వు గాదు, నా కాళ్లే నాకు కనవడ్తలేవు. మంచిగైంది, ఇగ పిల్ల ఫోటోలు ఖరాబు గావనుకొని కదలకుంట కూసున్న."

ప్రాణం కుదుటపడ్డాక నాకు కోపమొచ్చింది. "గంత దూరం ఎందుకు పోవుడు అవ్వా? నా ఎన్కకొచ్చి నిలవడితె అయిపోతుండె గద," అన్నాను.

అవ్వ గ్లాసు కింద పెట్టి నన్ను అట్లాగే చూసింది. "నీ ఎన్క పడదా?"

"నా ఎన్క ఎట్ల పడ్తది?"

"గా ముచ్చట ముందే చెప్పద్దా మరి. నీ ఎన్క గింత జాగ వెట్టుకొని నన్ను కొండలంట తిప్పినవ్," అంది. ప్రవీణ్ టీ మింగలేక దగ్గాడు. రూతు ఆ సాయంత్రం మొదటిసారి పడీపడీ నవ్వింది.

ఆ రోజు నుంచి నా పని తీరు మారింది. జంటతో వచ్చిన పెద్దవాళ్లను ఫలానా చోట ఉండొద్దని చెప్పను, ఫలానా చోట ఉండమని చెప్తాను. అది నా వెనకే. కెమెరా తీసి మొదట వాళ్లదే ఓ ఫోటో తీస్తాను. చోటు మారినప్పుడల్లా వెనక్కి తిరిగి చూస్తాను. ఫోటోగ్రాఫరుకు ముందున్నది చూడడం ఎవరైనా నేర్పుతారు, వెనకున్న మనిషిని చూసుకోవడం నాకు ఈ అవ్వ నేర్పింది.

మూడు ప్రకటనలూ అయ్యాయి, ఎవరూ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. శామీర్‌పేటలో వాళ్ల చర్చిలోనే పెళ్లి. ఫోటోలకు నేనే. ప్రమాణాలయ్యి ఉంగరాలు మార్చుకునే ముందు, అలవాటు ప్రకారం ముందు వరుస ఒకసారి చూశాను. రూతు నాన్న ఉన్నాడు, మేనత్తలున్నారు, అవ్వ కుర్చీ ఖాళీగా ఉంది. రూతు కూడా అదే చూసింది. ఉంగరం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది, కళ్లు చర్చి అంతా వెతుకుతున్నాయి.

వెనక నుంచి ఎవరో నా సంచి పట్టీ లాగారు.

"గీడనే ఉన్న బిడ్డా," అంది మరియమ్మ అవ్వ గుసగుసగా. కొత్త పట్టుచీరలో, నా వీపుకు ఆనుకుని నిలబడి ఉంది. "పడ్తలేను గద?"

పాస్టరు గారిని ఒక్క నిమిషం ఆగమని చేత్తో సైగ చేశాను. ఇన్నేళ్లలో పెళ్లి మధ్యలో నేనలా చేయడం అదొక్కసారే. అవ్వ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రూతు పక్కన నిలబెట్టాను.

"ఇయ్యాల పడాలె అవ్వా," అన్నాను.