తాళం తప్పి చూశాను

మా బావ ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! బావంటే నా మొగుడే, మేనత్త కొడుకు. అరసవల్లి చుట్టుపక్కల పెళ్లిళ్లకు డోలు వాయించి బతికిన మనిషి. మొదట్లో నా మీద అలిగాడనుకున్నాను. కూరలో ఉప్పెక్కువైందా, నోరు జారి ఏమైనా అన్నానా అని నాలో నేనే నలిగాను. చివరికి ఒళ్లు మండి అడిగేశాను.

"ఏటి బావా, నా మొకం సూస్తే అంత అసయ్యమా?"

రెప్పైనా వేయకుండా నావైపే చూస్తూ కూర్చున్నాడు.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. పార్కిన్సన్స్ జబ్బట. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతున్నాయట. అది తగ్గితే ఒళ్లు బిగుస్తుంది, గొంతు సన్నబడుతుంది, ముఖమూ కదలదు. "కోపం కాదమ్మా. లోపల నవ్వుతున్నా బయటికి కనబడదు," అంది. బాగానే ఉంది! లోపలున్నది నాకెలా తెలియాలి? ఎదురుగా కూర్చుని అన్నం తినిపిస్తున్నా, ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంటుంది.

గడప దగ్గరికొచ్చేసరికి బావ కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. దరువు వినిపిస్తే అడుగు పడుతుందని కూడా ఆవిడే చెప్పింది. ఆ మాత్రం నాకు రాదా? సన్నాయి వాయించే ఇంట్లో పుట్టినదాన్ని. ఆయన భుజం మీద ఆదితాళం వేస్తూ పాడితే చాలు, గడప దాటేస్తాడు.

పెళ్లైన కొత్తలో నేను పాడుకుంటుంటే ఒక్క దెబ్బ అటూ ఇటూ అయినా ఊరుకునేవాడు కాదు. వంటింట్లోకి వచ్చి మరీ తిట్టేవాడు. అప్పుడు ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ తిట్టుకే మొహం వాచిపోయాను.

నిన్న సాయంత్రం మళ్లీ గడప ముందు ఆగిపోయాడు. ఒక చేత్తో ఆయన నడుం పట్టుకుని, రెండో చేత్తో భుజం మీద తాళం వేస్తూ పాట ఎత్తుకున్నాను. కుడికాలు గడప దాటగానే కావాలనే తాళంలో ఒక దెబ్బ మింగేశాను. బుద్ధిలేనిదాన్ని, పడితే తుంటి విరిగేది.

బావ ఆగిపోయాడు. ముఖం అలాగే ఉంది, చెక్కలాగా. పెదాలు మాత్రం కొంచెం కదిలాయి. నా చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"తాళం తప్పీసేవే, మొద్దు మొకందానా. మొదట్నుంచి ఎత్తుకో."

ఉన్నాడు. నా బావ లోపల ఉన్నాడు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి నాకు పాట రావడం లేదు. ఆయనేమో ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసుకుని నా కోసం ఆగి ఉన్నాడు.